ముందు కోళ్లకు గూడు, తర్వాత మనకు ఇల్లు: మూడెకరాల్లో మేం నేర్చుకున్న పాఠాలు



కదిరి దగ్గర మాది మూడెకరాల ఎర్రనేల. ఎకరంలో చీనీ, మామిడి చెట్లు. ఎకరన్నరలో వానాకాలం వేరుశనగ, అందులో కంది సాళ్లు. మిగతా అరెకరంలో కూరగాయలు, పశువుల కొట్టం, కల్లం, ఇప్పుడు మా ఇల్లు. ఆరేళ్లుగా జీవామృతం, ఘనజీవామృతంతోనే సేద్యం చేస్తున్నాం. అప్పట్లో ఊర్లో ఉండేవాళ్లం, రోజూ రెండు కిలోమీటర్లు నడిచి చేనికి వచ్చేవాళ్లం. పొద్దున వచ్చి సాయంత్రం పోతే ప్రకృతి వ్యవసాయం సగమే అవుతుందని నాకు మెల్లగా అర్థమైంది. ఆవు ఒకచోట, చేను ఒకచోట, మనిషి ఇంకొకచోట ఉంటే పేడ, మూత్రం, వంటింటి నీళ్లు, మిగిలిన మెతుకులు ఏవీ నేలకు చేరవు. అందుకే చేన్లోనే ఇల్లు కట్టుకుని, కోళ్లు పెంచాలని అనుకున్నాం.

ఈ మూడేళ్లలో ఏం చేశామో, ఎక్కడ దెబ్బ తిన్నామో చెప్తాను. వీడియోలో ఇల్లు, గూడు చూపించాను కానీ కొలతలు, కారణాలు అన్నీ అందులో చెప్పడానికి కుదరలేదు. అవి ఇక్కడ రాస్తున్నా. ఒక తప్పు గురించి వీడియోలో అసలు చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. అది కూడా ఇక్కడ రాస్తాను, ఎందుకంటే ఈ వ్యాసంలో మీకు ఎక్కువగా పనికొచ్చేది అదే.

నాయన చెప్పిన మాట

మొదట నేను ఇంటి ప్లాన్ గీయించి, సిమెంటు, ఇటుక, స్టీలు లెక్క వేయించాను. ఆ లెక్క చూస్తే ఎకరం అమ్మాల్సి వచ్చేట్టుంది. నాయన ఆ కాగితం చూసి నవ్వి, "రేయ్, మీ అవ్వోళ్ల మిద్దెకు సిమెంటు ఎవరు పోసినారు? నూరేళ్లు నిలబడ్లా?" అన్నాడు. నిజమే. మా సీమలో పాత ఇళ్లన్నీ రాయి, మన్ను, వేప దూలాలు, దంతెలు, పైన చౌడు మన్ను పరిచిన మిద్దెలే కదా. కానీ మాలో ఎవరికీ మట్టి గోడ కట్టిన అనుభవం లేదు. కట్టిన పెద్దవాళ్లు చాలామంది పోయారు.

అప్పుడు నాయనే దారి చెప్పాడు. "ముందు కోళ్లకు గూడు కట్టు. అది ఒక వానాకాలం నిలబడితే అప్పుడు మనకు ఇల్లు కట్టుకుందాం." ఆ మాట వినడం మేం చేసిన మంచి పనుల్లో మొదటిది. గూడు తప్పు కడితే పోయేది కొంచెం మన్ను, నాలుగు రోజుల పని. ఇల్లు తప్పు కడితే బతుకే పోతుంది. మీరు కూడా మట్టి ఇల్లు అనుకుంటుంటే ముందు ఒక గూడో, పనిముట్ల గదో కట్టి చూడండి.

మన్ను చూడటం ఎట్లా

అన్ని మన్నులూ గోడకు పనికిరావు. పైన ఉండే ఒక అడుగు మన్ను అసలు వాడకూడదు. అందులో ఆకు, వేరు, జీవం ఉంటాయి, అది చేనికి బంగారం. దాన్ని పక్కకు తీసి చెట్ల పాదుల్లో వేసుకోండి. కింద ఉన్న మన్ను తీసి ఇలా పరీక్ష చేయండి.

ఒక గాజు సీసాలో మూడో వంతు మన్ను వేసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగున దిగుతుంది. దాని మీద ఒండ్రు కొన్ని గంటల్లో దిగుతుంది. బంకమన్ను తేరడానికి ఒక రోజు పడుతుంది. మర్నాడు పొరలు కొలవండి. పది భాగాల్లో ఇసుక ఐదు నుంచి ఏడు, బంక రెండు మూడు ఉంటే గోడకు బాగుంటుంది. బంక ఎక్కువైతే ఎండినప్పుడు పగుళ్లిస్తుంది, అప్పుడు ఇసుక కలపాలి. ఇసుక ఎక్కువైతే పట్టు ఉండదు, అప్పుడు చెరువు మన్ను కలపాలి.

చేత్తో చూసే పద్ధతి ఇంకొకటి ఉంది. తడి మన్నును నిమ్మకాయంత ఉండ చేసి రొమ్ము ఎత్తు నుంచి వదలండి. రెండు మూడు ముక్కలైతే మన్ను సరిగ్గా ఉన్నట్టు. పొడిపొడిగా చెదిరితే ఇసుక ఎక్కువ. రొట్టెలాగా అతుక్కుపోతే బంకో, నీళ్లో ఎక్కువ.

నల్లరేగడి ఉన్నవాళ్లు జాగ్రత్త. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దాని మీద మామూలు పునాది వేస్తే గోడ పగులుతుంది. గోడకూ ఆ మన్ను వద్దు. ఆ నేలల్లో పునాది గురించి తెలిసిన ఇంజనీరును అడిగే మొదలుపెట్టండి.

మేం మన్ను తీసిన గుంత వృథా కాలేదు. పల్లం వైపు ఉండేట్టు చూసి తవ్వాం. ఇప్పుడు అది వాన నీళ్లు ఇంకే గుంట. ఇంటికి మన్ను, చేనికి నీళ్లు రెండూ ఒకే గుంతలో దొరికాయి.

గూడు నేర్పిన రెండు పాఠాలు

మే నెలలో గూడు కట్టాం. లోపల పొడవు 10 అడుగులు, వెడల్పు 8 అడుగులు. పొడుగు వైపు తూర్పు పడమరలుగా పెట్టాం. అట్లయితే ఎండ నేరుగా లోపలికి కొట్టదు, ఉత్తరం, దక్షిణం వైపుల నుంచి గాలి ఆడుతుంది. రాత్రి పడుకోవడానికి కోడికి 2 చదరపు అడుగులు లెక్క పెట్టుకుంటే 40 కోళ్లకు సరిపోతుంది. గోడలు మూడడుగుల వరకు తొక్కుడు మట్టి, పైన జాలీ. కప్పు బోద గడ్డి.

అక్టోబరులో తుఫాను వాన మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున పోయి చూస్తే తూర్పు గోడ కింద సగం కరిగి, పైన ఉన్నది లోపలికి ఒరిగింది. అదృష్టం, అప్పటికి ఇంకా కోళ్లు తేలేదు.

నేను ఇక మట్టి ఇల్లు వద్దే వద్దు అనుకున్నా. నాయన గోడ దగ్గర కూర్చుని చాలాసేపు చూసి, "పైన చూడు, చెక్కు చెదర్లా. కిందనే పోయింది," అన్నాడు. అప్పుడు తెలిసింది. గోడను కరిగించింది మీద పడిన వాన కాదు. చూరు నుంచి కారి, నేల మీద పడి, ఎగిరి గోడ అడుగుకు కొట్టిన నీళ్లు. మా తప్పులు రెండు. ఒకటి, గోడను రాతి కట్టడం లేకుండా నేరుగా నేల మీద నుంచి లేపాం. రెండు, చూరు అరడుగే వదిలాం.

మట్టి గోడకు కింద రాతి చెప్పులు ఉండాలి, నెత్తిన పెద్ద గొడుగు ఉండాలి. ఈ రెండూ ఉంటే వాన దాన్ని ఏం చేయలేదు. ఇది పుస్తకంలో చదివితే నమ్మేవాణ్ణి కాదేమో. గూడు గోడ కూలితే నమ్మాను.

గూడు మళ్లీ కట్టాం. అడుగున్నర ఎత్తు రాతి కట్టడం, రెండడుగుల చూరు. అది ఈ రోజుకీ నిలబడే ఉంది.

ఇల్లు

జనవరిలో ఇంటికి మార్కు చేశాం. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా. అంతకంటే పెద్దది మాకు అక్కర్లేదు. పగలంతా ఎట్లాగూ చెట్ల కిందనే ఉంటాం.

పునాది గట్టి గరుసు తగిలే వరకు తవ్వాం, మాకు రెండున్నర అడుగుల్లో తగిలింది. బేస్‌మట్టం నేల నుంచి రెండడుగులు, అంతా రాయే. దాని మీద 18 అంగుళాల మందం మట్టి గోడ. మన్నులో కోసిన వరిగడ్డి కలిపి, నీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టి, పొద్దున తొక్కేవాళ్లం. గడ్డి ఎందుకంటే, మన్ను ఎండి కుంచించుకునేటప్పుడు పగుళ్లు రాకుండా పట్టి ఉంచుతుంది. ఒక్కో వరుస అడుగు, అడుగుంబావు కంటే ఎక్కువ ఎత్తు లేపలేదు. అది గట్టిపడిన తర్వాతే పై వరుస. వారం ఎండల్లో మూడు నాలుగు రోజులు, మబ్బు పడితే ఇంకా ఎక్కువ. ఇక్కడ తొందర పనికిరాదు. పచ్చి గోడ మీద బరువు పెడితే పక్కకు ఉబ్బుతుంది. కిటికీలు, తలుపులు మూలలకు కనీసం మూడడుగుల దూరంలో పెట్టండి. మూల బలహీనమైతే గోడంతా బలహీనమే.

కప్పుకు పాత మంగళూరు పెంకులు కొన్నాం. ఊర్లలో పాత ఇళ్లు పడగొడుతున్నారు కాబట్టి పెంకులు, వేప దూలాలు, కిటికీలు తక్కువకే దొరుకుతాయి. చూరు చుట్టూ రెండున్నర అడుగులు. జూన్ లోపల కప్పు పడాలని ముందే అనుకున్నాం, మేలో పడింది.

గోడకు లోపల, బయట మట్టి, పేడ, సన్న ఇసుకతో పూత. దాని మీద బయట సున్నం. ఒక్క పడమటి గోడకు మాత్రం మేస్త్రీ పట్టుబట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేశాడు. "గట్టిగా ఉంటుంది అన్నా, నా మాట విను" అన్నాడు, నేనూ సరే అన్నా. రెండో వానాకాలానికి అది అప్పడం లాగా ఊడి వచ్చింది. మట్టి గోడ చెమ్మ పీల్చుతుంది, వదులుతుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. లోపల చెమ్మ ఆగిపోయి గోడకూ సిమెంటుకూ మధ్య విడిపోతుంది. మిగతా మూడు గోడలకు ఏటా సంక్రాంతికి ముందు అమ్మ సున్నం కొడుతుంది, అవి బాగున్నాయి. చెమ్మ తగిలే చోట ఏడాదికోసారి చూసుకోవాలి, చీడ పట్టిన చెట్టును చూసినట్టే. ఆ ఓపిక లేనివాళ్లకు మట్టి ఇల్లు వద్దు. వాళ్లు కొంచెం సిమెంటు కలిపి మిషన్లో నొక్కిన మట్టి ఇటుకలు చూసుకోవచ్చు.

కప్పు నీళ్లు కూడా లెక్క వేసుకోండి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా కప్పు చూరుతో కలిపి 35 అడుగులు, 25 అడుగులు, అంటే సుమారు 81 చదరపు మీటర్లు. మా అనంతపురం వైపు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. లెక్కకు 44 వేల లీటర్లు పైనే. ఐదో వంతు పోయిందనుకున్నా 35 వేల లీటర్లు. కరువు సీమలో ఇది చిన్న సంగతి కాదు. మొదటి వాన నీళ్లు వదిలేసి తర్వాతివి తొట్టిలోకి పట్టుకుంటాం, కోళ్లకు, ఆవుకు అవే. వంటింటి నీళ్లు కాలువ ద్వారా అరటి, కరివేపాకు చెట్లకు పోతాయి.

గూడు ఇంటికి తూర్పు దిక్కున 50 అడుగుల దూరంలో ఉంది. మాకు ఎక్కువ రోజులు పడమటి గాలి, కాబట్టి వాసన ఇంట్లోకి రాదు. అయినా రాత్రి కోళ్లు అరిస్తే వినపడేంత దగ్గర. ఈ రెండూ చూసుకునే చోటు పెట్టండి.

ఏ కోళ్లు

అమ్మ దగ్గర ఊర్లో ఎనిమిది నాటు పెట్టలు ఉండేవి. నాటుకోడి గుడ్లు తక్కువ పెడుతుంది, కానీ పొదుగుతుంది, పిల్లల్ని కాస్తుంది, గద్ద నీడ పడితే చాలు దాక్కుంటుంది. గ్రామప్రియ, వనరాజా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకాలు. రాజశ్రీ కూడా హైదరాబాదు పశువైద్య కళాశాలలో వచ్చిన రకమే. గ్రామప్రియ గుడ్లకు, వనరాజా మాంసానికీ గుడ్లకూ పెంచుతారు. ఇవి నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, కానీ పొదగడంలో వీటిని నమ్ముకోలేం. అందుకని రెండూ ఉంచుకున్నాం.

పొదగేసేటప్పుడు వారం లోపు గుడ్లే పెట్టండి. నాటు పెట్ట కింద పది పన్నెండు చాలు. ఏడో రోజు రాత్రి టార్చి పెట్టి చూడండి. లోపల నరాల వల కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, తేటగా ఉంటే తీసేయండి. 21వ రోజుకు పిల్లలు వస్తాయి.

నవంబరులో 50 గ్రామప్రియ పిల్లల్ని తెచ్చాం. కొన్న పిల్లలకు తల్లి ఉండదు, మనమే తల్లి. మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. అట్టతో గుండ్రంగా కంచె పెట్టి మధ్యలో రెండు 60 వాట్ల పాత రకం బల్బులు వేలాడదీశాం. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు, గుర్తుంచుకోండి. కంచె గుండ్రంగానే ఉండాలి, మూలలుంటే చలికి అన్నీ అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి కింద ఉన్నవి చస్తాయి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద గుంపు కడితే చలి. దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. అంతా పరుచుకుని తిరుగుతుంటే సరిపోయినట్టు. మాకు నాలుగు పిల్లలు పోయి 46 మిగిలాయి.

నేను దాచిన తప్పు

ఇక అసలు సంగతి. మొదటి వారంలో పిల్లలకు కొక్కెర తెగులు టీకా, లసోటా, కంట్లో చుక్క వేయించాం. 28వ రోజున ఇంకోసారి వేయాలి, 8వ వారంలో ఆర్2బి సూది వేయాలి. అప్పుడే ఇంటి పని మొదలైంది. రేపు, ఎల్లుండి అంటూ రెండూ వదిలేశాను. లోపల ఇంకో మాట కూడా ఉండేది. "మనది ప్రకృతి వ్యవసాయం, బయట తిరిగే కోళ్లకు రోగనిరోధక శక్తి ఉంటుందిలే" అని.

ఫిబ్రవరిలో గోడలు లేస్తున్నాయి, రోజూ పదిమంది కూలీలు. వాళ్లకు గుడ్ల కూర పెడదామని సంతలో గుడ్లు పెట్టే ఆరు పెట్టలు కొని, ఆ సాయంత్రమే గూట్లో వదిలాను. ఐదో రోజు అందులో ఒకటి మెడ వాల్చేసింది. ఆరో రోజుకు పచ్చగా, తెల్లగా పారుడు, నోరు తెరిచి గురక. తర్వాత మావి. కొన్నిటికి మెడ తిరిగిపోయింది, కొన్ని కాళ్లు ఈడ్చాయి. వారంలో 60లో 49 పోయాయి. అమ్మ ఎనిమిది పెట్టల్లో ఒకటి మిగిలింది.

అంతటితో అయిపోలేదు. మొదటి రెండు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. ప్రకృతి వ్యవసాయం గురించి ఊర్లో అందరికీ చెప్పేవాణ్ణి, ఇప్పుడు నా కోళ్లే చచ్చాయంటే నవ్వుతారని. చీకటి పడ్డాక పూడ్చిపెట్టాను. మా పక్క చేను పెద్దమ్మ కోళ్లు పగలు మా గట్టు మీదికే మేతకు వచ్చేవి. నాలుగో రోజు ఆమె తొమ్మిది కోళ్లలో మొదటిది పడింది. తొమ్మిదీ పోయాయి. ఆ గుడ్ల డబ్బుతోనే ఆమె బీపీ మాత్రలు కొనుక్కునేది.

నేను పోయి చెప్పినప్పుడు పెద్దమ్మ తిట్టలేదు. "మొన్ననే చెప్పింటే నా కోళ్లను గంప కింద మూసుకోనుంటి గదా నాయనా," అంది. అంతే. తిట్టింటే బాగుండేది.

అప్పటి నుంచి నేను పాటించేవి ఇవి. మీరూ పాటించండి.

ఒకటి, కొక్కెర తెగులుకు మందు లేదు. వచ్చాక చేసేది ఏమీ ఉండదు, రాకముందు టీకా ఒక్కటే. పసుపు, వేపాకు, వెల్లుల్లి మేమూ పెడతాం, కానీ అవి టీకాకు బదులు కావు. టీకా పురుగుమందు కాదు, సేంద్రియ ప్రమాణాల్లో కూడా రోగం ఉన్న ప్రాంతంలో టీకాను ఒప్పుకుంటారు. మొదటి వారం లసోటా, 28వ రోజు మళ్లీ లసోటా, 8వ వారం ఆర్2బి. మశూచికి 6వ వారం. మధ్యలో గంబోరో టీకా సంగతి, తర్వాత ఎన్నాళ్లకు మళ్లీ వేయాలన్నది మీ పశువైద్యుణ్ణి అడిగి రాసుకోండి.

రెండు, టీకాను ఐసు డబ్బాలో తేవాలి. జేబులో పెట్టుకుని ఎండలో తెస్తే అది నీళ్లతో సమానం. కలిపాక గంట రెండు గంటల్లోపు వేసేయాలి, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ. ఒక సీసాలో వందల డోసులు ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల వాళ్లంతా కలిసి ఒకే రోజు వేయించుకుంటే ఖర్చు తక్కువ, రక్షణ ఎక్కువ.

మూడు, సంతలో కొన్న కోడిని నేరుగా కలపొద్దు. మూడు వారాలైనా దూరంగా, వేరే గిన్నెలు పెట్టి ఉంచండి. ముందు మన కోళ్లకు మేత వేసి, తర్వాతే వాటి దగ్గరికి పోవాలి.

నాలుగు, రోగం వస్తే ఆ గంటలోనే పక్కవాళ్లకు, పశువైద్యుడికి చెప్పండి. చచ్చిన కోళ్లను సున్నం వేసి లోతుగా పూడ్చండి, కుక్కలు తవ్వకుండా. మిగిలినవాటిని సంతకు తోలొద్దు. అట్లా తోలిన కోడే మా ఇంటికి వచ్చింది.

మిగిలిన 11 కోళ్లను అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు, వేరేగా ఉంచేశాం. గూట్లో ఊక అంతా తీసి కాల్చి, నేల గీకి, గోడలకు సున్నం కొట్టి, రెండు నెలలు ఖాళీగా ఎండబెట్టాం. జూలైలో 25 పిల్లలతో మళ్లీ మొదలుపెట్టాం. అన్ని టీకాలూ పడి ఎదిగిన పది పెట్టల్ని పెద్దమ్మకు ఇచ్చాం. ఆమె తొమ్మిదే తీసుకుంది. "నావి తొమ్మిదే గదా పోయినేది," అంది.

గూట్లో, మేతలో చూసుకోవాల్సినవి

పడుకోవడానికి కర్రలు కట్టండి, కోడికి 8 అంగుళాల చోటు. ఐదు పెట్టలకు ఒక గుడ్ల గూడు, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, చీకటి మూలలో. కింద మూడు నాలుగు అంగుళాల వరి ఊక, అది ఎప్పుడూ పొడిగా ఉండాలి. ఒక మూల బూడిద, సన్నని మన్ను కలిపి పోస్తే కోళ్లు అందులో పొర్లాడి పేలు వదిలించుకుంటాయి. ముంగిస, అడవిపిల్లి కోసం అర అంగుళం కంతల గట్టి జాలీ వాడి, దాన్ని గోడ చుట్టూ అడుగు వెడల్పున నేలలో పూడ్చాం. మామూలు కోళ్ల జాలీ కోడిని ఆపుతుంది గానీ ముంగిసను ఆపదు.

మేతలో సజ్జలు, కొర్రలు, నూకలు, చెట్నీకి పనికిరాని కొబ్బరి, ఆకుకూరలు, అజొల్లా. పిల్లలకు ఉత్త నూకలే వేస్తే కాళ్లు పడిపోతాయి, వాటికి మాంసకృత్తులు కావాలి. మా అవ్వ చేసిన పని ఒకటి ఇప్పుడు మేమూ చేస్తున్నాం. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి కుక్కి చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లిస్తే పొద్దునకు చెదలు నిండుతాయి. పిల్లలకు అంతకంటే మంచి మేత లేదు. శనగచెక్క విషయంలో మా జిల్లా వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. వానకు తడిసి బూజు పట్టిన కాయల చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది కోళ్ల కాలేయాన్ని తినేస్తుంది. బూజు వాసన వస్తే పెట్టకండి. గుడ్లు పెట్టే పెట్టలకు గుల్ల పొడి గానీ, కాల్చి పొడి చేసిన గుడ్డు పెంకులు గానీ వేరే గిన్నెలో పెట్టండి.

చేనికి ఏం లాభం

పొద్దున ఎనిమిదికి గూడు తెరిస్తే కోళ్లు చీనీ, మామిడి చెట్ల కిందికి పోతాయి. మామిడి పండుఈగ కోశస్థ దశ చెట్టు కింద మన్నులోనే ఉంటుంది, కోళ్లు గీకి తినేస్తాయి. వేరుశనగ పీకాక, దుక్కి దున్నేటప్పుడు నాగలి వెనకే వదులుతాం. వేరుపురుగులు, ఎర్ర గొంగళి పురుగు కోశాలు, రాలిన కాయలు ఏరుకుంటాయి.

కష్టం కూడా చెప్పాలి. కోడికి ఆచ్ఛాదన అంటే చాలా ఇష్టం, మనం పరిచిందంతా గీకి చెల్లాచెదరు చేస్తుంది. చెట్ల పాదుల చుట్టూ రాళ్లు, ముళ్ల కొమ్మలు పేర్చాం. కూరగాయల మడులకు వల కట్టాం, పంట అయిపోయాకనే లోపలికి వదులుతాం. కోళ్ల పెంట పచ్చిగా మొక్కకు వేయొద్దు, వేడికి మాడిపోతుంది. ఊకతో కలిపి, ఆకులు, ఆవు పేడ చేర్చి, మూడు నాలుగు నెలలు కుళ్లనిచ్చి తర్వాతే వాడతాం. జీవామృతంలో మాత్రం కలపం, దానికి ఆవు పేడే.

ఇప్పుడు మా దగ్గర 34 కోళ్లు ఉన్నాయి. గూటికి 40 పడతాయి, కానీ పెంచడం లేదు. నేల ఎంత మోస్తుందో, మనం ఎంత చూసుకోగలమో అంతే ఉండాలి. గుడ్లు ఇంట్లో తినగా మిగిలినవి కదిరిలో నాలుగు ఇళ్లకు పోతాయి. అమ్మ ఇప్పుడు ఊర్లో ఇంటికి తాళం వేసి ఇక్కడే ఉంటోంది. వంటింటి గోడ మీద ఒక పలక తగిలించింది, టీకా తేదీలు ఆమే రాస్తుంది. తేదీకి రెండు రోజుల ముందు పెద్దమ్మకు, గట్టు అవతల ఇంకో మూడిళ్లకు కబురు పెట్టేది కూడా ఆమే.

ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ముందు గూడు కట్టండి. కోళ్లు మొదలుపెట్టేవాళ్లు ముందు 25తో మొదలుపెట్టండి, ముందు పక్కింటి వాళ్లతో మాట్లాడండి. మీ కోడి ఆరోగ్యం మీ గట్టు దగ్గర ఆగదు.

ఉంటాను.